ఆప్యాయ పటంలో తొమ్మిదో వార్డు

మా నందిలంకపేటలో ఎవరు ఎవరిని ఎంత బాగా చూసుకుంటున్నారో ఇకమీదట చేతిలో ఫోనున్న ప్రతివాడికీ తెలియాలని పైవాళ్లు నిర్ణయించారు. ఆ నిర్ణయం ఒక సోమవారం పొద్దున్న పదకొండు గంటలకు మా పురపాలక సంఘం కార్యాలయానికి చేరింది. పదకొండున్నరకల్లా ఊళ్లో ఆప్యాయతలన్నీ నా బల్ల మీద పడ్డాయి, ఎందుకంటే అక్కడ గణాంక సహాయకుణ్ణి నేనే. లెక్కపెట్టడం నా పని. ఎందుకు లెక్కపెట్టాలో తెలుసుకోవడం నా పై అధికారి పని. ఆ పనిని ఆయన ఎప్పటికప్పుడు ఇంకా పైకి పంపేస్తుంటారు.

ఈ పథకం కోసమే మాకు పరాంకుశం గారనే ప్రత్యేకాధికారిని వేశారు. మనిషి మంచివారే. ఎక్కడో కొండమీద హోటల్లో జరిగిన మూడు రోజుల సదస్సుకు వెళ్లొచ్చారు. వచ్చాక మామూలు మాటలు మాట్లాడటం మానేశారు.

"మిత్రులారా! తల్లులు, కోడళ్లు, కూతుళ్లు గృహములందు ఒనరించుచున్న సేవ అదృశ్యముగా పడియున్నది. దానికి జీతము లేదు, రికార్డు లేదు. కావున దానిని కొలిచి, పటము గీసి, బహిరంగ దత్తాంశ రూపమున సమస్త ప్రజల ఎదుట ఉంచుట మన కర్తవ్యము!" అని మొదటి సమావేశంలోనే లేచి నిలబడి చెప్పారు.

మాట నిజమే కదా అనుకున్నాను. అంత నిజమైన మాట మీద ఇంత పెద్ద పొరపాటు కట్టొచ్చని అప్పటికి నాకు తెలీదు.

పథకంలో పనికొచ్చే వస్తువు ఒకటుంది. దాని పేరు పగటి విశ్రాంతి కేంద్రం. మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా మంచాన పడ్డవాళ్లను అక్కడ వదిలితే ఆయాలు చూసుకుంటారు, ఇంట్లో ఆడవాళ్లు కాస్త ఊపిరి పీల్చుకుంటారు. ఊరికి ఒక్కటే కేంద్రం. ఏ వార్డులో సేవ ఎక్కువని పటం తేలుస్తుందో ఆ వార్డుకు. దానికి కావాల్సిన పన్నెండు ఇనప మంచాలూ పరుపులూ ముందే వచ్చి మా ఆఫీసు వరండాలో దిగాయి.

అది తొమ్మిదో వార్డుకే రావాలని ఊళ్లో ఎవరినడిగినా చెబుతారు. మూతపడ్డ రైసుమిల్లు వెనక సందులు అవి. ఏళ్ల తరబడి బస్తాలు మోసి నడుములు పోయినవాళ్లు, ఊక దుమ్ముకు ఊపిరితిత్తులు పోయినవాళ్లు ఇంటికొకరున్నారు. కళ్లు మూసుకుని చెప్పెయ్యొచ్చు. కానీ కళ్లు మూసుకుని చెప్పేది దత్తాంశం కాదని పరాంకుశం గారు నన్ను మందలించారు.

కొలవాలంటే ముందు కొలమానం కావాలి. పాలకు లీటరుంది, బట్టకు మీటరుంది, సేవకేముంది? ఉపసంఘం మూడు రోజులు కూర్చుని తేల్చింది. ఒక మధ్యస్థ వృద్ధునికి ఒక మధ్యస్థ ఇడ్లీని కసురుకోకుండా తినిపించడానికి పట్టే శ్రమ ఒక ఆప్యాయం. ఒకసారి కసురుకుంటే అర ఆప్యాయం. రెండుసార్లు కసురుకుంటే వృద్ధుడు ఎదురు కసిరాడా లేదా అన్నదాన్ని బట్టి ఉంటుంది. మధ్యస్థ ఇడ్లీ కోసం ఊళ్లో పద్నాలుగు హోటళ్ల నుంచి నమూనాలు తెప్పించారు. ఆ మూడు రోజులూ మా ఆఫీసులో ఎవరూ ఇంటి నుంచి టిఫిను తెచ్చుకోలేదు.

తరవాత ఇంటింటికీ వెళ్లి జనం చేత నమోదు చేయించే పని నాకు పడింది. తొమ్మిదో వార్డులో నేను తట్టిన మొదటి తలుపు నూకరత్నానిది. నలభై ఏళ్లుంటాయి. భర్త లారీ డ్రైవరు, నెలకు నాలుగు రోజులు ఇంట్లో ఉంటే గొప్ప. అత్తగారు వీరరాఘవమ్మ నాలుగేళ్ల కింద దొడ్లో జారిపడి తుంటి విరగ్గొట్టుకుని మంచమెక్కింది. చూపు సగం పోయింది. నోరు మాత్రం చెక్కుచెదరలేదు.

"మీరు చేసే సేవ నమోదు చెయ్యాలమ్మా. ఫోన్లో నలభై రెండు గడులుంటాయి, అంతే" అన్నాను.

నూకరత్నం తడిబట్ట పిండుతూనే అడిగింది. "రోజుకాండీ?"

"కాదమ్మా, పనికి. మంచినీళ్లు తాగిస్తే నలభై రెండు, పక్క తిప్పితే నలభై రెండు."

"మరి ఆ గడులు నింపేటప్పుడు మా అత్తనెవరు సూత్తారండీ?"

మార్గదర్శకాల పుస్తకం ముందుకీ వెనక్కీ తిప్పాను. ఆ ప్రశ్నకు అందులో జవాబు లేదు. ఉన్న సంగతులు చెప్పాను. సేవకు ముందొక ఫొటో, తరవాతొక ఫొటో తియ్యాలి. తరవాతి ఫొటోలో సేవ పొందిన వ్యక్తి నవ్వుతూ ఉండాలి. ఆ వ్యక్తి ఫోనుకు ఓటీపీ వస్తుంది, అది కూడా ఆ వ్యక్తే చెప్పాలి.

"ఎవడే రత్నం ఆడు?" లోపలి నుంచి కేక వినిపించింది.

"లెక్కలాయనంట అత్తా! నువ్వు నవ్వాలంటన్నారు!"

"ఎందుకంట? ముందు ఆణ్ణి నవ్వమను, బాగుంటే సూద్దాం!"

నేను నవ్వాను. ఆవిడకు అంత దూరం కనపడదని తరవాత గుర్తొచ్చింది.

నన్ను సాగనంపడానికి వాకిలిదాకా వచ్చి నూకరత్నం గొంతు తగ్గించింది. "ఆ మంచాలు మా వార్డుకే వత్తాయి కదండీ? మద్దేనం రెండు గంటలు కన్ను మూసుకుంటే సాలండి నాకు. రాత్రుళ్లు రెండేసి గంటలకోసారి పక్క తిప్పాలి. లేదంటే ఒళ్లు పుండ్లడిపోద్దండి. నాలుగేళ్లయిందండి, నేను తెంపు లేకుండా పడుకుని."

"నమోదు చేస్తే తప్పకుండా వస్తాయి" అన్నాను. ఆ మాట నేను నమ్మే చెప్పాను, అదే ఇప్పటికీ బాధ.

నమోదు మొదలయ్యాక సందేహాలు వెల్లువెత్తాయి. పసిపిల్లలు ఓటీపీ ఎలా చెబుతారని బాలింతలు గోల పెట్టారు. ఏడాదిలోపు శిశువుల విషయంలో బొటనవేలి ముద్ర చాలునని పరాంకుశం గారు మెమో ఇచ్చారు. శిశువుల బొటనవేళ్లు ఎప్పుడు చూసినా నోట్లోనే ఉండటం వల్ల ముద్రలు పడలేదు. పనివేళల్లో శిశువులు వేళ్లను పొడిగా ఉంచుకోవలెనని రెండో మెమో వెళ్లింది. శిశువులు దాన్ని ఖాతరు చెయ్యలేదు.

పైగా ఇది బహిరంగ దత్తాంశం కదా, ఎవరి సంఖ్య ఎవరైనా చూడొచ్చు. మూడో వార్డులో ఒకావిడ తన కోడలి సంఖ్యకూ పక్కింటి కోడలి సంఖ్యకూ తేడా చూసి అన్నం మానేసింది. ఆవిడను బతిమాలి తినిపించినందుకు కోడలికి పదకొండు ఆప్యాయాలు పడ్డాయి. మర్నాటి నుంచి ఆ వీధిలో అత్తలంతా అన్నం మానేశారు. కోడళ్లే మానిపించారని కొందరన్నారు, దానికి నా దగ్గర ఆధారాల్లేవు.

మూడు నెలలకు పటం సిద్ధమైంది. రెండో వార్డు, అంటే ఆఫీసర్ల కాలనీ, కుంకం చల్లినట్టు ఎర్రగా ఉంది. అక్కడివాళ్లకు వంటమనిషి ఉంది, పనిమనిషి ఉంది, నమోదు చేసుకోవడానికి తీరిక ఉంది. ఆ కాలనీలో కాదంబరి గారనే ఆవిడ ఒక్కరే ఆరువందల పన్నెండు ఆప్యాయాలు సాధించారు. వాటిలో భర్తను 'టిఫిను చేశారా' అని అడగడం నాలుగొందల సార్లు. దీపావళి బాంబులకు బెదిరిన కుక్కను ఓదార్చడం తొంభై. కుక్క ప్రతిసారీ పంజా ముద్ర వేసింది, ముద్రలన్నీ స్పష్టంగా ఉన్నాయి.

తొమ్మిదో వార్డు తెల్లగా ఉంది. సున్నా. నిజానికి ఒక్క నమోదు వచ్చింది, నూకరత్నం పక్కింటావిడ ఫోను అడిగి తీసుకుని ఎలాగో చేసింది. 'సేవ పొందిన వ్యక్తి నవ్వలేదు' అని నమోదులు తీసుకునే యంత్రం దాన్ని తిప్పికొట్టింది.

"తొమ్మిదవ వార్డు సంరక్షణ శూన్య ప్రాంతముగా నిర్ధారింపబడినది. విశ్రాంతి కేంద్రము, మంచములు రెండవ వార్డునకు తరలింపబడును" అని పరాంకుశం గారు ప్రకటించారు.

"సార్, అక్కడ మంచాన పడ్డవాళ్లు ఎవరూ లేరండీ" అన్నాను.

"మంచములు వెళ్లిన పిదప పడెదరు" అన్నారాయన.

ప్రేమ అంటే ఎరగని వార్డు అని పేపర్లో పెద్దక్షరాల్లో వేశారు. అది చదివి కళ్లనీళ్లు పెట్టుకున్న ఒక సేవాసంస్థ, ఆ వార్డు ఆడవాళ్లకు ఆప్యాయత నేర్పడానికి పరుగెత్తుకొచ్చింది. మూడు రోజుల శిక్షణ, పెద్ద ప్లాస్టిక్ బొమ్మ. ఈ బొమ్మను రోగి అనుకుని పక్క తిప్పు చూద్దాం అన్నారు నూకరత్నాన్ని. నిలబడే కునుకు తీస్తున్న ఆ మనిషి, కళ్లు పూర్తిగా తెరవకుండానే, ఒక్క చేత్తో బొమ్మను ఒత్తిగిలించి, నడుం కింద దుప్పటి మడత తీసి, మడమలు ఒరిసిపోయాయేమో తడిమి చూసి, మళ్లీ కునుకులోకి వెళ్లింది. అంతా కలిసి అర నిమిషం. బొమ్మతో ప్రేమగా మాట్లాడలేదని ఆమెను తప్పించారు.

ఆ సాయంత్రమే ఆమె మా ఆఫీసుకొచ్చింది. అత్తగారిని పక్కింట్లో పది నిమిషాలకు అప్పజెప్పి, చెప్పులు కూడా వేసుకోకుండా నేరుగా పరాంకుశం గారి గదిలోకి వెళ్లిపోయింది.

"ఏవండీ బాబూ, నాకు ప్రేమ లేదని పేపర్లో ఏయిత్తారా? నేనేం సేత్తన్నానో తెలియాలంటే ఆ పటాలూ గిటాలూ ఎందుకండీ? ఒక్క రోజు, ఒక్కటంటే ఒక్క రోజు, మా అత్తని మీరే సేసి సూడండి!"

మేమంతా బిక్కచచ్చిపోయాం. పరాంకుశం గారి మొహం మాత్రం వెలిగిపోయింది. "అద్భుతము! వస్తువు బరువు తెలియవలెనన్న దానిని మనమే మోసి చూడవలెను. ఆమె మాటలో శాస్త్రమున్నది. పదకొండవ నిబంధన ప్రకారము దీనిని అప్పీలుగా స్వీకరించి ప్రత్యక్ష కొలత జరిపించెదము!"

మర్నాడు పొద్దున్న ఆరింటికి వీరరాఘవమ్మను తీసుకొచ్చాం. పురపాలక సంఘానికి ఉన్న ఏకైక పొడుగాటి బండి చెత్త ఆటోయే. ఫినాయిలుతో రెండుసార్లు కడిగి, పరుపు వేసి పడుకోబెట్టాం. దాని మైకు ఆపడం డ్రైవరుకు రాదు. తడి చెత్త వేరు, పొడి చెత్త వేరు అంటూ పాడుకుంటూనే వచ్చింది. నాలుగేళ్ల తరవాత వీధి చూసిన ఆ ముసలావిడ దారి పొడుగునా చెయ్యి ఊపుతూనే ఉంది.

వరండాలో మొదటి మంచం వేశాం. కొలవడానికి ఆరుగురం: పరాంకుశం గారు, హెడ్ గుమాస్తా, శానిటరీ ఇన్‌స్పెక్టరు, ప్లానింగు ఆయన, బిల్లు కలెక్టరు, నేను. నూకరత్నం ఏవో జాగ్రత్తలు చెప్పబోయింది.

"మీరు చెప్పినచో కొలత కలుషితమగును. దయచేసి నిష్క్రమింపుడు" అన్నారు పరాంకుశం గారు. ఆమె రెండుసార్లు వెనక్కి తిరిగి చూసి వెళ్లింది.

కాఫీతోనే ఇబ్బంది మొదలైంది. బిల్లు కలెక్టరు తెచ్చినదాన్ని వీరరాఘవమ్మ ఒక గుక్క తాగి "ఇది కాఫీయా, గళాసు కడిగిన నీళ్లా?" అని తిప్పి పంపింది. మూడోసారికి ఒప్పుకుంది. పక్క తిప్పే వేళకు ప్లానింగు ఆయన టేపు తెచ్చి, మంచానికి ఉత్తరం వైపు వదలాల్సినంత ఖాళీ స్థలం లేదని అభ్యంతరం రాశాడు. ఆ అభ్యంతరం మీద చర్చ జరుగుతుండగానే ఆవిడ బెడ్‌పాను అడిగింది.

బెడ్‌పాను స్టోరులో ఉంది. స్టోరు తియ్యాలంటే ఫైలు పెట్టాలి. హెడ్ గుమాస్తా పెట్టాడు. 'లబ్ధిదారు అత్యవసరమని తెలుపుచున్నారు, తగు ఉత్తర్వుల నిమిత్తం సమర్పించడమైనది.' ఇది ఇంజనీరింగు విభాగం పరిధిలోకి వస్తుందని శానిటరీ ఇన్‌స్పెక్టరు రాసి, తనిఖీ ఉందని బయటికి వెళ్లిపోయాడు. సంతకాలన్నీ పూర్తయ్యేసరికి బెడ్‌పాను అవసరం తీరిపోయి దుప్పటి అవసరం వచ్చింది. అందరూ నావైపు చూశారు. ఈ కొలతకు బాధ్యుడు గణాంక సహాయకుడని మార్గదర్శకాల్లో ఉందట.

ఎటు చూడాలో తెలియక గోడకేసి చూస్తూ దుప్పటి లాగుతున్నాను.

"మొగం తిప్పుకోకురా అబ్బాయ్. సూసి తియ్యి. నీకు సిగ్గయితే నాకెంతుండాలి?" అంది వీరరాఘవమ్మ. ఆ మాటలో కోపం లేదు. నాకు తల కొట్టేసినట్టయింది. ఆ తరవాత చూసే తీశాను.

మధ్యాహ్నానికి ఇంకో చిక్కు. మాత్ర మింగనంటుంది. బతిమాలాం, బెదిరించాం, పంచదార చూపించాం. నూకరత్నాన్ని అడిగి రమ్మని బిల్లు కలెక్టరును పంపాం. కొలత కలుషితమైనా ఫరవాలేదని పరాంకుశం గారే అన్నారు. వాడు పావుగంటలో ఒట్టి చేతులతో తిరిగొచ్చాడు. ఆమె పొద్దున్న ఏడింటికి పడుకుందట, ఇంకా లేవలేదట. తలుపు తట్టబోతే ఇరుగుపొరుగు ఆడవాళ్లు చీపుళ్లు తీసుకుని వీధి చివరిదాకా తరిమారట.

ఇక వేరే దారి లేక పరాంకుశం గారు మంచం పక్కన కుర్చీ వేసుకుని మార్గదర్శకాలు చదవడం మొదలుపెట్టారు. "వయోధికులకు ఔషధములు యుక్త సమయమున అందజేయబడవలెను. అందజేయని యెడల..."

వీరరాఘవమ్మ గొణుగుడు ఆపింది. నెమ్మదిగా రెండు చేతులూ జోడించింది. "ఎంత బాగా సెబుతున్నావయ్యా పురాణం! రత్నానికి సదువు రాదు, ఎన్నాళ్లయిందో ఇలాంటిది ఇని" అంది. మూడో అధ్యాయం నాలుగో పేరా దగ్గర ప్రసాదంలా కళ్లకద్దుకుని మాత్ర మింగేసింది. తన భాషను అంత శ్రద్ధగా విన్న మనిషి పరాంకుశం గారికి జీవితంలో ఎదురవలేదనుకుంటాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

సాయంత్రం ఆరింటికి వీరరాఘవమ్మను ఇంటికి పంపేసి మేం ఐదుగురం ఐదు మంచాల మీద పడి ఉన్నాం. ప్రత్యక్ష కొలతకు నవ్వు ఫొటోలు అక్కర్లేదు కాబట్టి హెడ్ గుమాస్తా పడుకునే లెక్క కూడి ఎక్కించాడు. ఒక్క రోజులో నాలుగువేల ఆరు ఆప్యాయాలు! రెండో వార్డు వారం మొత్తం చేసినా అంత లేదు. నూకరత్నం గెలిచిందని నాకు గంతెయ్యాలనిపించింది. నడుం ఒప్పుకోలేదు.

మర్నాడు పటం తెరిచాం. తొమ్మిదో వార్డు ఎప్పట్లాగే తెల్లగా ఉంది. సేవ జరిగిన చోటును యంత్రం దానంతటదే గుర్తుపెట్టుకుంటుంది. జరిగింది మా వరండాలో. కాబట్టి జిల్లా మొత్తంమీద అత్యంత ఆప్యాయమైన ప్రదేశం నందిలంకపేట పురపాలక సంఘం కార్యాలయమని తేలింది. జనన మరణ ధ్రువపత్రాల కోసం మా దగ్గరికి వచ్చినవాళ్లెవరికైనా ఈ సంగతి చెబితే ఏమంటారో నాకు తెలుసు. విశ్రాంతి కేంద్రం మా ఆఫీసు సిబ్బందికే మంజూరైంది. మంచాలు ఉన్నచోటే ఉండాలని ఉత్తర్వు వచ్చింది.

"అది ఆమె చేసే పనే కదండీ. వార్డు మార్చి రాద్దాం సార్" అని వేడుకున్నాను.

"దత్తాంశమును దిద్దుట మహాపాపము" అన్నారు పరాంకుశం గారు. ఆ మాట అంటూ నడుం పట్టుకున్నారు.

ఆ పొద్దున్నే నూకరత్నం వచ్చింది. నిన్న పగలంతా నిద్రపోయిన మొహం. పదేళ్లు తగ్గినట్టు కనిపించింది. తలొంచుకుని అంతా చెప్పాను. అరుస్తుందనుకున్నాను, అరవలేదు.

"అంటే మా వార్డుకింకా సున్నాయేనాండి?"

"సున్నాయేనమ్మా."

"మరి మళ్లీ అప్పీలెట్టుకోవచ్చాండి?"

పదకొండో నిబంధన తీసి చదివాను. సంఖ్య బాగులేదనుకున్నవారు ఎవరైనా అప్పీలు చేయవచ్చు. అప్పీలు అందిన వెంటనే ప్రత్యక్ష కొలత జరపాలి. ఎన్నిసార్లన్న మాటే లేదు. కొలత ఎప్పుడు జరిపినా మా వరండాలోనే పడుతుంది, వాళ్ల సున్నా సున్నాగానే ఉంటుంది, సున్నా ఉన్నన్నాళ్లూ అప్పీలు చెల్లుతుంది. ఈ సంగతి నాకు అర్థమయ్యేసరికి ఆమె నా బల్ల మీద కలం తీసి నా చేతికిచ్చింది.

"అయితే ఇయ్యాల్టిది రాసెయ్యండి బాబూ."

వార్త విని పరాంకుశం గారు పాలిపోయారు. మళ్లీ పన్నెండు గంటలా? అప్పటికప్పుడు సవరణ జారీ చేశారు. "గణాంక శాస్త్ర రీత్యా మూడు గంటల నమూనా సర్వవిధముల చాలును. మధ్యాహ్నము పన్నెండు నుంచి మూడు వరకు మాత్రమే కొలత."

"ఆయ్, ఆ మూడు గంటలే సాలండి" అంది నూకరత్నం.

మూడో రోజుకు ఇద్దరు అప్పీలు పెట్టారు. వారం తిరిగేసరికి పన్నెండు మంచాలూ నిండాయి. చెత్త ఆటో రోజూ పదకొండున్నరకు పాడుకుంటూ తొమ్మిదో వార్డుకు వెళ్తుంది. ప్లానింగు ఆయన పక్క తిప్పడంలో ఆరితేరాడు. శానిటరీ ఇన్‌స్పెక్టరుకు తనిఖీలు తగ్గిపోయాయి. పరాంకుశం గారు వరండా మధ్యలో కుర్చీ వేసుకుని ఉత్తర్వులు చదువుతారు. పాతవి అయిపోయాయని ముసలాళ్లు సణిగితే కొత్తవి రాస్తున్నారు, ఒక్కొక్కటి ఏడు అధ్యాయాలు. జిల్లా వాళ్లు మమ్మల్ని మెచ్చుకుంటూ ఒక ప్రశంసాపత్రం పంపారు.

మొన్న ఒంటిగంటన్నరకు, మర్నాటి అప్పీళ్ల మీద సంతకాలు తెచ్చుకుందామని నేనే తొమ్మిదో వార్డుకు వెళ్లాను. సందులో అలికిడి లేదు. ఇళ్ల తలుపులన్నీ ఓరగా వేసి ఉన్నాయి. ఒక ఇంట్లోంచి సన్నగా గురక, దాని పక్కింట్లోంచి ఇంకాస్త గట్టి గురక. నూకరత్నం వాకిట్లో చాప మీద పడుకుని ఉంది. నోరు కాస్త తెరుచుకుంది. ఒక చెయ్యి చాప దాటి పక్కకు చాపుకుని ఉంది, అక్కడ ఎవరైనా మూలిగితే అందుకోవడానికన్నట్టు.

లేపితే సంతకం పెట్టేస్తుంది, అర నిమిషం పని. మెట్టు మీద కూర్చుని పన్నెండు అప్పీళ్లూ నేనే రాశాను. సంతకాల చోటు ఖాళీగా ఉంచి, గాలికి పోకుండా కాగితాల మీద ఒక రాయి పెట్టాను. చెప్పులు చేతిలో పట్టుకుని సందు చివరిదాకా నడిచాను.